తాళం తప్పిందెవరు? – లయ ఆటల పోటీల్లో న్యాయనిర్ణయం

పోటీలు రెండు రకాలు. కొలిచి తేల్చేవి కొన్ని, చూసి తేల్చేవి కొన్ని. పరుగుపందెం మొదటి రకం, ముగ్గుల పోటీ రెండో రకం. మొదటి రకంలో తగువొస్తే కొలబద్ద మీద వస్తుంది, రెండో రకంలో న్యాయనిర్ణేత మీద వస్తుంది. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి గనక ఈ తేడా నాకు పుస్తకాల కన్నా ముందు ఎడ్లవల్లే తెలిసింది. మా వైపు తిరునాళ్ళకు బండలాగుడు పందేలు జరుగుతాయి. ఎడ్ల జతను పళ్ళనుబట్టి విభాగాలు చేస్తారు: రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగితే అంతే లెక్క. టేపు పట్టి కొలుస్తారు, మైకులో చదువుతారు. ఓడిన రైతు తల దించుకునైనా సరే ఎడ్లను తోలుకుపోతాడు. అదే తిరునాళ్ళలో ఒంగోలు జాతి ఎడ్ల అందాల పోటీ పెడితే మాత్రం మూపురం ఎవరిది బాగుంది, గంగడోలు ఎవరిది బాగుంది అన్న మాట మీద వారం రోజులు టీకొట్టు దగ్గర పంచాయతీ నడుస్తుంది. మా నాన్న అందాల పోటీకి ఎడ్లను ఎన్నడూ తోలలేదు. "బండ మాట్లాడుతుంది, మనిషి మొగమాటపడతాడు" అంటాడు ఆయన.

అయితే బండ దగ్గర కూడా తగువు లేకపోలేదు. ముందు లాగిన జతకు తడి నేల, వెనక లాగిన జతకు దున్నినట్టయిన నేల. అంటే కొలబద్ద సరిగానే ఉన్నా కొలిచే చోటు అందరికీ ఒకటి కాదన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, కంప్యూటరు దగ్గర మళ్ళీ దీని అవసరం వస్తుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఈ రెండు రకాలకూ నడిమధ్యన నిలిచే ఒక విచిత్రమైన పోటీ గురించి. లయ ఆటలు, అంటే పాటకు తగ్గట్టు తాళం తప్పకుండా మీట నొక్కే వీడియో ఆటలు, మన హాస్టళ్ళలో ఇప్పుడు చాలామంది ఆడుతున్నారు. మన అధ్యాపకులలో కొందరికి ఇవి తెలియకపోవచ్చు గనక కొద్దిగా చరిత్ర చెబుతాను. జపానులో 1996లో ప్లేస్టేషన్ మీద 'పరప్పా ది రాపర్' వచ్చింది. 1997 చివర కొనామీ కంపెనీ 'బీట్‌మేనియా'ను, 1998లో కాళ్ళతో తొక్కి ఆడే 'డాన్స్ డాన్స్ రివల్యూషన్'ను ఆటశాలల్లో పెట్టింది. 2001లో నామ్కో వారి 'తైకో నో తత్సుజిన్' వచ్చింది. తైకో అంటే జపాను వారి పెద్ద డోలు. తెరమీద ఎర్ర చుక్క వస్తే డోలు నడిమధ్యన, నీలం చుక్క వస్తే అంచు మీద కొట్టాలి.

ఇవన్నీ కంపెనీల సరుకు. అభిమానులు తమంతట తాము పాట తీసుకుని, ఏ క్షణాన ఏ మీట నొక్కాలో తామే రాసుకునే ఏర్పాటు 1998లో జపానులోనే బి.ఎం.ఎస్. అనే ఫైలు పద్ధతితో మొదలైంది. 2001లో 'స్టెప్‌మేనియా', 2007లో ఆస్ట్రేలియాకు చెందిన డీన్ హెర్బర్ట్ రాసిన 'ఓసు' వచ్చాక ఇది ప్రపంచమంతా పాకింది. అలా రాసిన దాన్ని బీట్‌మ్యాపు అంటారు, మేం పొట్టిగా మ్యాపు అంటాం. నాటకానికి స్క్రిప్టు ఎలాగో ఆటకు మ్యాపు అలాగ. ఒకే పాట ఇచ్చి, ఎవరు మంచి మ్యాపు రాస్తారో చూద్దామని పెట్టేవే అభిమానుల మ్యాపింగ్ పోటీలు.

ముందుగా కొలిచి తేల్చే భాగం చూద్దాం. ఆడేవాడు మీట నొక్కిన క్షణానికీ, నొక్కవలసిన క్షణానికీ ఉన్న తేడాను యంత్రం మిల్లీసెకన్లలో లెక్క కడుతుంది. స్టెప్‌మేనియాలో మామూలుగా పెట్టే స్థాయిలో తేడా 22.5 మిల్లీసెకన్లు దాటకపోతే ఉత్తమం, 45 దాటకపోతే దాని తరువాతది, 90 దాటకపోతే మూడోది. ఓసులో వృత్తాలు నొక్కే మామూలు విధానానికి ఒక సూత్రమే ఉంది: 80 నుంచి, ఓ.డి. అనే కాఠిన్య సంఖ్యకు ఆరు రెట్లు తీసివేయాలి. ఓ.డి. సున్నా అయితే 80 మిల్లీసెకన్ల వెసులుబాటు, 5 అయితే 50, 10 అయితే 20. ఇక్కడ ఎవరి ముఖమూ చూసే పని లేదు. యంత్రానికి ఊరూ పేరూ తెలియవు.

మరి తగువు ఎక్కడ? తడి నేల, దున్నిన నేల దగ్గర. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. హాలులో స్పీకరుకు పది మీటర్ల దూరాన కూర్చున్నవాడికి పాట 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. పైన చెప్పిన 22.5 మిల్లీసెకన్ల ఉత్తమశ్రేణి, చెవిని నమ్ముకుని ఆడేవాడికి, కుర్చీ దగ్గరే పోయినట్టు. తీగ లేని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఆలస్యం వంద మిల్లీసెకన్లు కూడా దాటవచ్చు. ఆటలో దీన్ని సరిదిద్దుకునే అమరిక ఉంది గానీ, పోటీ రోజున వేరొకరి కంప్యూటరు ముందు రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఆడమంటే సరిదిద్దుకునే తీరిక ఎవరికి? అందుచేత ఆడే పోటీలకు ఒకే యంత్రం, ఒకే రకం తీగ ఇయర్‌ఫోను, ముందుగా సర్దుకోవడానికి సమయం – ఈ మూడూ ఉంటే చాలావరకు తగువు తీరుతుంది. ఇది సులువైన భాగం. ఇక్కడితో వదిలేస్తాను.

కష్టమైనది మ్యాపు రాసే పోటీ. అక్కడ కొలబద్ద మనిషే.

మా హాస్టల్లో జరిగిన ఒక చిన్న పోటీనే ఉదాహరణగా తీసుకుంటాను. ఎంచేతనంటే దాని మార్కుల పట్టీ వేసింది నేనే, ప్రతి అంకె నాకు తెలుసు. పోటీదారుల పేర్లు అక్కర్లేదు గనక క, చ, ట, త, ప అని పిలుద్దాం. అయిదుగురు పోటీదారులు, ముగ్గురు న్యాయనిర్ణేతలు. బహుమతి మూడు వేల రూపాయలు. అది చందా వేసుకున్న డబ్బు. ఇచ్చిన 'పాట' సినిమా పాట కాదు, ఒక జాతరలో ఫోనులో పట్టిన రెండు నిమిషాల డప్పు. డప్పుకు చిర్ర ఒక చేత, చిటికెన పుల్ల ఒక చేత ఉంటాయి గదా. చిర్ర దెబ్బను ఎర్ర చుక్కగా, చిటికెన పుల్ల దెబ్బను నీలం చుక్కగా రాస్తే తైకో విధానానికి అతికినట్టు సరిపోతుంది. ఈ ఆలోచన ఎవరిదో గానీ గొప్పది.

చిక్కల్లా ఏమంటే, కంప్యూటరు మీద తయారైన పాటకు నిమిషానికి ఇన్ని దెబ్బలు అని ఒక లెక్క ఉంటుంది. మొదటి దెబ్బ ఎక్కడ పడిందో, నిమిషానికి ఎన్నో చెబితే మిగతా గీతలన్నీ ఆటే గీసుకుంటుంది. డప్పు కొట్టే మనిషి చేతికి ఆ లెక్క లేదు. ఊరేగింపు నిలిచినప్పుడు నెమ్మదిస్తుంది, అమ్మవారి ముందుకొచ్చేసరికి ఉరకలేస్తుంది. మేం కొలిచిన ఆ రెండు నిమిషాల్లో నిమిషానికి నూటికి అటూ ఇటూగా మొదలై నూట ఇరవై ఎనిమిది దాకా పోయింది.

క అనే అతను దీన్ని ఆరు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో స్థిరమైన వేగం పెట్టాడు. చుక్కలు నున్నగా, ఒక ప్రవాహంలా వస్తాయి. కానీ ధ్వని తరంగాన్ని తెరమీద పెట్టి చూస్తే కొన్ని చోట్ల చుక్కకూ దెబ్బకూ నలభై మిల్లీసెకన్ల దాకా ఎడం ఉంది. ట అనే అతను రాత్రుళ్ళు కూర్చుని అరవై ఒక్క చోట్ల వేగం మార్చాడు. దెబ్బకు దెబ్బ సరిగ్గా పడింది. అయితే తైకో విధానంలో చుక్కలు కదిలే వేగం పాట వేగాన్నిబట్టే ఉంటుంది. అంచేత ట మ్యాపులో చుక్కలు రెండు సెకన్లకోసారి గతుకుల రోడ్డు మీద బస్సులాగా తోసుకుంటూ వస్తాయి. దాన్ని సరిచేసే పద్ధతి వేరే ఉంది. ప్రతి మార్పు పక్కనా చుక్కల వేగాన్ని తిరిగి సమం చేసే గుర్తు పెట్టవచ్చు. ట కావాలనే పెట్టలేదు. "డప్పు ఉరికితే చుక్క ఉరకొద్దా?" అన్నాడు.

మార్కులు ఇలా వచ్చాయి. వరసగా మొదటి, రెండో, మూడో న్యాయనిర్ణేతలు వందకు వేసినవి:

క: 84, 74, 60. మొత్తం 218
చ: 82, 72, 75. మొత్తం 229
ట: 80, 70, 90. మొత్తం 240
త: 78, 71, 45. మొత్తం 194
ప: 76, 73, 30. మొత్తం 179

కూడిక ప్రకారం ట గెలిచాడు, చ రెండో స్థానం, క మూడో స్థానం. కాగితం గోడకెక్కిన అరగంటకే క వచ్చి అడిగాడు: "ముగ్గురిలో ఇద్దరు నన్ను అందరికన్నా మేలన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు ట ను మూడోవాడన్నారు, ఇంకొకరు అందరికన్నా ఆఖరన్నారు. నేను మూడో స్థానమెలా అయ్యాను?"

ఇది కోపంతో అడిగినా సరైన ప్రశ్న. జవాబు మార్కుల్లోనే ఉంది. మొదటి న్యాయనిర్ణేతకు మంచి మ్యాపుకూ చెడ్డ మ్యాపుకూ తేడా ఎనిమిది మార్కులు. రెండో ఆయనకు నాలుగు. మూడో ఆయనకు అరవై. ముగ్గురికీ సమానమైన ఓటు ఇచ్చామనుకున్నాం గానీ నిజానికి మూడో ఆయన ఒక్కరే ఫలితం రాశారు. మిగతా ఇద్దరూ ఇంట్లో పడుకున్నా టయే గెలిచేవాడు. మార్కులు కూడేటప్పుడు ఎవరి మార్కులు ఎక్కువగా చెదిరి ఉంటే వారి మాటకే బరువెక్కువ. ఇది నిర్వాహకుల మనసులో లేని సంగతి, కూడిక తనంతట తాను చేసే పని.

దీనికి గణాంకశాస్త్రంలో మందు ఉంది. డిగ్రీ రెండో ఏట మనం చదివినదే. ప్రతి న్యాయనిర్ణేత మార్కులకూ సగటు తీసి, ప్రతి మార్కులోంచీ ఆ సగటు తీసివేసి, వచ్చినదాన్ని ఆయన ప్రామాణిక విచలనంతో భాగించాలి. మొదటి ఆయన సగటు 80, విచలనం 2.83. రెండో ఆయన సగటు 72, విచలనం 1.41. మూడో ఆయన సగటు 60, విచలనం 21.21. ఇలా లెక్కగట్టి కూడితే క కు 2.83, చ కు 1.41, ట కు సున్నా, త, ప లకు తలా మైనస్ 2.12 వచ్చాయి. క మొదటివాడు, ట మూడోవాడు అయ్యారు. ఓసు అభిమానుల పోటీల్లో ఇలా ప్రామాణీకరించిన మార్కులు ప్రకటించడం ఉంది. అదేమీ మేం కనిపెట్టినది కాదు.

ఇక తీర్పు మారిపోయినట్టేనా? కాదు. ఈసారి ట వచ్చాడు. అతను అడిగినది ఇంకా పదునైన ప్రశ్న. "రెండో ఆయన అయిదుగురికీ 70 నుంచి 74 లోపల వేశాడు. వినకుండా, ఎవర్నీ బాధపెట్టకుండా వేసినట్టు తెలియడం లేదా? మూడో ఆయన ఒక్కో మ్యాపుకూ ఒక పేజీ రాశాడు. నీ లెక్కలో రెండో ఆయన వేసిన ఒక్క మార్కు తేడా, మూడో ఆయన ఆలోచించి వేసిన పదిహేను మార్కుల తేడాతో సమానమైంది. శ్రద్ధ లేనివాడికి శ్రద్ధ ఉన్నవాడితో సమానంగా బరువిచ్చేదేనా నీ శాస్త్రం?"

అతని లెక్క కరెక్టే. ఒకటిని 1.41తో భాగించినా, 15ని 21.21తో భాగించినా వచ్చేది 0.71. న్యాయనిర్ణేతలందరూ సమానంగా శ్రద్ధ చూపారన్నది ఈ పద్ధతి ఊహించుకునే విషయం, నిరూపించే విషయం కాదు. పైగా అయిదే మ్యాపులున్నప్పుడు విచలనం నమ్మదగ్గ అంకె కాదు. ప పోటీలోంచి తప్పుకున్నాడనుకోండి, క కు వచ్చిన 2.83 కాస్తా 2.42 అవుతుంది, ట సున్నా నుంచి మైనస్‌లోకి పోతాడు. మా పట్టీలో వరస మారలేదు గానీ, దగ్గరదగ్గరి మార్కులున్న పోటీలో ఎవరో ఒక ఆఖరివాడు తప్పుకుంటే మొదటివాడు మారిపోయే ప్రమాదం ఉంది. నిబంధన తప్పాడని ఒక మ్యాపును ఫలితాల తరువాత తొలగించినప్పుడు గొడవలు పుట్టేది ఇందుకే.

ఇంకొన్ని దారులు చూశాను. ఫ్రాన్సులో జాన్ షార్ల్ ద బోర్దా అనే నావికా ఇంజనీరు 1770లో అక్కడి సైన్సు అకాడమీ ముందు ఒక పద్ధతి పెట్టాడు. మార్కులు వద్దు, వరస చాలు. అయిదుగురుంటే మొదటివాడికి 4, తరువాతివాడికి 3, అలా ఆఖరివాడికి సున్నా. దాని ప్రకారం క కు 10, చ కు 8, ట కు 6, మిగతా ఇద్దరికీ మూడేసి. అదే దేశంలో కొండోర్సే 1785లో ఇంకో మాటన్నాడు: ఇద్దరిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఎవరికి ఎక్కువమంది మొగ్గుతారో చూడమని. క ను ఎవరితో నిలబెట్టినా రెండు ఓట్లు తక్కువ కావు, కనుక క యే. ఎక్కువ తక్కువలు తీసేసి మధ్యగతం చూద్దామంటే మాత్రం క కు 74, చ కు 75, ట కు 80. మళ్ళీ టయే!

అంటే అయిదు పద్ధతులు, మూడింటిలో క, రెండింటిలో ట. పద్ధతులకే ఓటు పెట్టి మూడు రెండుకన్నా ఎక్కువ అనడం హాస్యాస్పదం. అలా అన్నవాళ్ళు కూడా మా మెస్సులో ఉన్నారు.

కొండోర్సే చూపించిన ఇంకో వింత ఉంది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరు క, చ, ట వరసలోనూ, ఒకరు చ, ట, క వరసలోనూ, ఒకరు ట, క, చ వరసలోనూ పెట్టారనుకోండి. క చ ను గెలుస్తాడు, చ ట ను గెలుస్తాడు, ట క ను గెలుస్తాడు. గానుగెద్దులా తిరగడమే తప్ప మొదటివాడు లేడు. 1951లో కెన్నెత్ ఆరో అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది పోటీదారులున్నప్పుడు, న్యాయనిర్ణేతలు ఇచ్చే వరసలను కలిపి ఒకే వరస చేసే ఏ పద్ధతీ కొన్ని మామూలు షరతులను ఒకేసారి నెరవేర్చలేదని గణితంతో నిరూపించాడు. అందరూ ఒకణ్ణి మేలంటే ఫలితమూ అదే కావాలి. ఇద్దరి మధ్య తీర్పు మూడోవాడి మీద ఆధారపడకూడదు. ఒక్కడి మాటే శాసనం కాకూడదు – అడిగినవి ఇలాంటివే. ఆయనకు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది వరసలకు సంబంధించిన సిద్ధాంతం, మార్కులకు యథాతథంగా వర్తించదు. మార్కుల జబ్బు వేరే ఉంది, పైన చూశాం గదా.

లెక్కల సంగతి ఇలా ఉంటే, మనుషుల సంగతి ఇంకొకటి. 2002లో అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీ శీతాకాలపు ఒలింపిక్స్‌లో మంచుమీద జంటల స్కేటింగ్‌లో తొమ్మిదిమంది న్యాయనిర్ణేతలు 5-4 తేడాతో రష్యా జంటకు స్వర్ణం ఇచ్చారు. కెనడా జంటే బాగా చేసిందని జనం గగ్గోలు పెట్టారు. తనమీద ఒత్తిడి వచ్చిందని ఫ్రాన్సు న్యాయనిర్ణేత చెప్పినట్టు బయటికొచ్చింది, ఆ తరువాత ఆమె ఆ మాట కాదంది. చివరికి కెనడా జంటకు కూడా స్వర్ణం ఇచ్చి ఊరుకున్నారు. 2004లో అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం మార్కుల పద్ధతినే మార్చేసింది. ప్రతి అంశానికీ వేరుగా మార్కు వేసి, అందరికన్నా ఎక్కువదీ తక్కువదీ తీసేసి, మిగతావాటి సగటు తీస్తారు. ఒత్తిడి రాకుండా ఏ మార్కు ఎవరు వేశారో దాచిపెట్టారు కూడా. అయితే దాచిపెట్టడంవల్ల ఎవరు పక్షపాతం చూపారో పట్టుకునే వీలు పోయిందన్న విమర్శ వచ్చి, 2016లో ఆ దాపరికాన్ని ఎత్తివేశారు. ఎక్కువ తక్కువలు తీసేసే పద్ధతి తొమ్మిదిమంది ఉంటే పనికొస్తుంది. ముగ్గురే ఉంటే మిగిలేది ఒక్కడు.

దాచవలసింది న్యాయనిర్ణేత పేరు కాదు, పోటీదారు పేరు. మ్యాపుల మీద పేర్లు తీసేసి మారుపేర్లతో ఇవ్వడం ఓసు పోటీల్లో తరచు చూస్తాం. ఇది మంచిదే గానీ పూర్తిగా పనిచేయదు. చేతిరాత పోల్చినట్టు అలవాటుపడ్డవాళ్ళు మ్యాపు చూసి ఇది ఫలానావాడిదని చెప్పేస్తారు. మా అయిదు మ్యాపుల్లో మూడింటిని నేనే చెప్పగలిగాను.

చూసే వరస కూడా పని చేస్తుంది. బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ చాలా పేరున్నది. చివరి దశలో పన్నెండుమంది, రోజుకిద్దరు చొప్పున ఆరు రోజులు వాయిస్తారు. ఎవరు ఏ రోజన్నది చీటీలు తీసి నిర్ణయిస్తారు. కాబట్టి రోజుకూ ప్రతిభకూ సంబంధం ఉండకూడదు. అయినా ఫలితాల మీద రోజు ప్రభావం ఉందని ఫ్లోరెస్, గిన్స్‌బర్గ్ అనే ఇద్దరు 1996లో లెక్కతో చూపించారు. మొదటి రోజు వాయించినవారికి నష్టం. అంత పెద్ద విద్వాంసులకే ఇలా అయితే, పరీక్షల ముందు రాత్రి పదకొండు గంటలకు మ్యాపులు చూసిన మా సీనియర్ల సంగతి చెప్పాలా? దీనికి విరుగుడు ఖర్చులేనిది. ఒక్కో న్యాయనిర్ణేతకూ మ్యాపులు ఒక్కో వరసలో ఇవ్వడం.

న్యాయనిర్ణేతలే వద్దు, జనమే తేల్చాలి అనేవాళ్ళూ ఉన్నారు. బి.ఎం.ఎస్. రచయితల కోసం 2004లో జపానులో మొదలైన 'బి.ఎం.ఎస్. ఆఫ్ ఫైటర్స్' పోటీలో పాట, మ్యాపు రెండూ పోటీదారులే చేస్తారు, విన్న ఎవరైనా మార్కూ అభిప్రాయమూ రాయవచ్చు. ఇందులో ఉన్న అందం కాదనను. కానీ వచ్చిన మార్కులన్నీ కూడితే పేరున్నవాడికి లాభం, ఎందుకంటే అతని పాటను ఎక్కువమంది వింటారు. సగటు తీస్తే పదిమంది స్నేహితులు మాత్రమే విన్నవాడికి లాభం. మధ్యగతం తీస్తే కొంత నయం. పంచాయతీ ఎన్నికలు చూసినవాళ్ళకు ఇదంతా కొత్త కాదు.

మళ్ళీ మా డప్పు దగ్గరికి వస్తాను. ఇంత లెక్క వేశాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ ముగ్గురూ ఒకే వస్తువుకు వేర్వేరు మార్కులు వేయలేదు, వేర్వేరు వస్తువులకు వేశారు. మొదటి ఇద్దరూ వేగంగా ఆడే మొనగాళ్ళు. వాళ్ళు చూసింది చదవడానికి, ఆడడానికి ఎలా ఉందన్నది. మూడో ఆయన ఇంటర్ నుంచీ సాంస్కృతిక బృందంలో డప్పు వాయిస్తున్న మనిషి. ఆయన చూసింది డప్పు వినబడుతోందా లేదా అన్నది. నలభై మిల్లీసెకన్ల ఎడం మొదటి ఇద్దరి చెవికి ఆననే లేదు, ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. గతుకుల ప్రయాణం ఆయనకు పట్టలేదు, వాళ్ళ కళ్ళకు నొప్పి పుట్టించింది. ప్రామాణీకరణ, బోర్దా, కొండోర్సే – ఏదీ ఈ తేడాను తీర్చలేదు. మా ఊళ్ళో పొగాకు గ్రేడు కట్టేవాడు రంగు వేరే చూస్తాడు, ఆకు నిడివి వేరే చూస్తాడు, మచ్చ వేరే చూస్తాడు. అన్నీ కలిపి "బాగుంది, డెబ్బయి" అనడు.

అందుచేత నా అభిప్రాయం ఇది. ధ్వనికి ఎంత దగ్గరగా ఉంది అన్నదాన్ని న్యాయనిర్ణేతకు వదలనే కూడదు, తరంగం పెట్టి మిల్లీసెకన్లలో కొలవాలి, అది బండలాగుడు. ఆడడానికి ఎలా ఉంది, కొత్తదనం ఉందా, డప్పు మనసు పట్టుకున్నాడా – వీటికి వేర్వేరు మార్కులు వేయించాలి. ప్రతి మార్కు పక్కనా రెండు వాక్యాల కారణం రాయించాలి. ఏ పద్ధతిలో కలుపుతామో మ్యాపులు అందకముందే గోడకు అంటించాలి. కూడికే అయినా సరే, ముందు చెప్పిన కూడిక వెనక చెప్పిన బోర్దాకన్నా మేలు. మా నిర్వాహకులు ఏ పద్ధతో ముందు చెప్పలేదు, తగువు వచ్చాక పద్ధతి వెతికారు. అప్పుడు ఏ పద్ధతి ఎంచుకున్నా ఒక మనిషిని ఎంచుకున్నట్టే అవుతుంది.

మూడు వేలనూ సగం సగం చేసి క కూ ట కూ ఇచ్చారు. సాల్ట్‌లేక్‌లో ఇచ్చినట్టే. మధ్యలో చ అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. "ఏ లెక్కలోనూ నేను రెండో స్థానం తప్పలేదు, నాకేమీ లేదా?" అతను అడిగింది నిజం. ఆ పట్టీలో అయిదు పద్ధతులూ ఒక్కమాట మీద నిలబడింది అతని విషయంలోనే. క, ట ఒకే గదివాళ్ళు. నెల రోజులు వాళ్ళ గదిలో మాట వినబడలేదు, రెండు వేర్వేరు ఇయర్‌ఫోన్లు మాత్రమే. తరువాత ఎలా కలిశారో నాకు తెలియదు గానీ, సంక్రాంతి సెలవుల తరువాత ట మ్యాపులో ఆ అరవై ఒక్క చోట్లా చుక్కల వేగాన్ని సమం చేసే గుర్తులు పెట్టింది క అని విన్నాను. ఆ మ్యాపును నేను ఆడాను. చాలా బాగుంది.

వచ్చే పోటీకి నిబంధనల చిత్తుప్రతి తయారైంది. వరస మార్చి ఇవ్వడం, పేర్లు దాచడం, కారణాలు రాయడం అందరూ ఒప్పుకున్నారు. ఒక్క ప్రామాణీకరణ దగ్గర ఆగిపోయింది. న్యాయనిర్ణేతలు అయిదుగురికి, మ్యాపులు పదిహేనుకు తగ్గకుండా ఉంటేనే అది వాడదామని నేను రాశాను. డప్పు సీనియరు ఆ కాగితం మీద ఎర్ర సిరాతో, తన 90ని 1.41 చేసేటట్టయితే తాను న్యాయనిర్ణేతగా రానని రాసి సంతకం పెట్టారు.